పాస్‌వర్డు ఎవరి చేతిలో ఉండాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం అడిగినప్పుడు 'కంప్యూటర్ విద్య - ఉపయోగాలు' అని రాద్దామనుకున్నాం. కానీ అటువంటి వ్యాసం దాదాపు ప్రతి సంచికలోనూ వస్తోంది. అందరం చదువుతున్నాం, పక్కన పెడుతున్నాం. అందుకే ఈసారి ఉపయోగాల జోలికి పోకుండా, మన హాస్టల్లో జరిగిన ఒక తప్పు గురించి, దాని వల్ల మాకు ఏర్పడిన ఒక అభిప్రాయం గురించి రాస్తున్నాం. ఆ తప్పు మాదే. అభిప్రాయం మాత్రం మీ అందరి ముందు పెడుతున్నాం. ఒప్పుకుంటారో, కాదంటారో మీ ఇష్టం.

మన హాస్టల్ స్టోర్ రూం పక్కనున్న చిన్న గది అందరికీ తెలిసిందే. పూర్వ విద్యార్థులైన అన్నలు ఇచ్చిన ఐదు పాత కంప్యూటర్లు అందులో ఉన్నాయి. నాలుగింటిలో విండోస్ ఉంది. ఐదోదాన్ని మేము తొమ్మిది మందిమి కలిసి సర్వర్‌గా మార్చాం. సర్వర్ అనగానే ఏసీ గదిలో మెరిసే పెద్ద పెట్టెలు అనుకోకండి. నాలుగు జీబీల మెమరీ ఉన్న పాత డబ్బా, ఒక స్విచ్, అన్నలు తెచ్చిచ్చిన కేబుళ్ళు, అంతే. మిగతా నాలుగు కంప్యూటర్లకూ ఫైళ్ళు దాచిపెట్టి అందించేది అదే. చిన్న ఆఫీసుల్లో, ఆడిటర్ల దగ్గర, ఆస్పత్రి బిల్లింగ్ గదుల్లో ఉండేది కూడా దాదాపు ఇలాంటిదే.

ఇది మనకెందుకు అవసరమైంది? స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలం వస్తే మన అవస్థ తెలిసిందే. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, బ్యాంకు పాస్‌బుక్కు, మార్కుల మెమో స్కాన్ చేయించుకోవాలి. నెట్ సెంటర్ల చుట్టూ తిరగాలి. పెన్‌డ్రైవులో వైరస్ ఎక్కి ఫైళ్ళు మాయమైతే మళ్ళీ మొదటికి. అందరి కాగితాలూ ఒకసారి స్కాన్ చేసి ఒకచోట పెట్టుకుంటే ప్రతి ఏడూ ఈ తిప్పలు తప్పుతాయి కదా అనుకున్నాం. ఇంజినీరింగ్ పూర్తి చేసిన ఒక అన్న రెండు ఆదివారాలు వచ్చి దారి చూపించాడు. మిగతాది మేమే కిందా మీదా పడి నేర్చుకున్నాం.

లినక్సే ఎందుకని చాలామంది అడిగారు. ఒకటి, డబ్బు లేదు. విండోస్ సర్వర్‌కు లైసెన్సు కొనాలి, దొంగ కాపీ వేయడం మాకు ఇష్టం లేదు. రెండోది అంతకంటే పెద్ద కారణం. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడొచ్చు, లోపలికి చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ కోసం రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. మేము వేసుకున్న డెబియన్ 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీద నడుస్తోంది. ఈ రోజు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ గుండెకాయ లినక్సే. 2017 నవంబరు జాబితా నుంచి ప్రపంచంలోని 500 అతి పెద్ద సూపర్ కంప్యూటర్లన్నీ దానిమీదే నడుస్తున్నాయి. మన దేశంలో జిల్లా కోర్టుల కంప్యూటరీకరణకు ఉబుంటు లినక్స్‌ను ఎంచుకున్నారు. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం తర్వాతి కాలంలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లను లినక్స్ మీదికి మళ్ళించింది. తెలుగులోనూ ఈ ప్రయత్నం జరగకపోలేదు. స్వేచ్ఛ సంస్థ 2005లోనే తెలుగు లినక్స్‌ను బయటికి తెచ్చింది. కాబట్టి ఇది ఎవరో పిచ్చివాళ్ళ సరదా కాదు.

ఇక నేర్చుకున్న తీరు. డెబియన్ వేయడానికి ఒక సాయంత్రం పట్టింది. సర్వర్‌కు 192.168.1.10 అని మారని చిరునామా ఇచ్చాం. తక్కిన కంప్యూటర్లకు చిరునామాలు తనంతట తానే పంచేలా డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టాం. విండోస్ కంప్యూటర్లకు సర్వర్‌లోని ఫోల్డర్లు కనిపించాలంటే సాంబా కావాలి. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. దాని దగ్గరే వారం రోజులు ఆగిపోయాం. యూజర్లను తయారుచేశాం, పాస్‌వర్డులు ఇచ్చాం, అయినా విండోస్ నుంచి ఫోల్డర్ తెరుచుకోదు. చివరికి తెలిసిందేమిటంటే, లినక్స్ పాస్‌వర్డు వేరు, సాంబా పాస్‌వర్డు వేరు. రెండోదాన్ని విడిగా చెప్పాలి. ఒక్క కమాండుతో పోయేదానికి వారం పట్టింది. కానీ ఆ వారంలో లాగ్ ఫైలు చదవడం నేర్చుకున్నాం. తప్పు ఎక్కడుందో యంత్రమే రాసి పెడుతుంది, చదివే ఓపిక మనకుండాలి.

అనుమతుల సంగతి మాకు బాగా నచ్చింది. లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక సొంతదారు, ఒక గుంపు, తక్కినవారు అని మూడు వర్గాలుంటాయి. ఒక్కొక్కరికీ చదవడం, రాయడం, నడపడం అని మూడు హక్కులు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. 770 అంటే సొంతదారుకూ గుంపుకూ పూర్తి హక్కు, బయటివారికి ఏమీ లేదు. ఎవరి ట్రంకు పెట్టె వారిది, రూం అందరిది, పక్క రూం వాళ్ళు అడిగి రావాలి అన్నట్టే ఇది. ఈ మూడంకెలు అర్థమైతే సగం అర్థమైనట్టే.

వీటన్నిటికీ పైన 'రూట్' అనే యూజర్ ఉంటాడు. అతనికి ఈ హక్కుల లెక్కలు అడ్డం రావు. ఏ ఫైలైనా చదవగలడు, మార్చగలడు, చెరపగలడు. మేము తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే.

తొమ్మిది మందిమీ ఒకే రూట్ పాస్‌వర్డు వాడుకున్నాం. మరిచిపోకుండా గది గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాం కూడా. మనలో మనకు దాపరికమేంటి అనుకున్నాం. అది స్నేహం అనుకున్నాం.

గత ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తుల సమయంలో ఒక సాయంత్రం ఉమ్మడి ఫోల్డర్ ఖాళీగా కనిపించింది. 38 మంది కాగితాలు లేవు. ఎవరో పాత ఫైళ్ళు తీసేయబోయి చెరిపేసే కమాండులో ఒక పేరుకూ నక్షత్రం గుర్తుకూ మధ్య అదనంగా ఖాళీ వదిలారు. ఆ ఒక్క ఖాళీతో 'పాత అని మొదలయ్యేవి చెరుపు' అన్న మాట 'ఇక్కడున్నవన్నీ చెరుపు' అని మారిపోయింది. కమాండు లైనులో చెరిపితే రీసైకిల్ బిన్ ఉండదు. 'నిజంగా చెరపాలా' అని అడగకుండా చేసే గుర్తు కూడా ఆ కమాండులో ఉంది. యంత్రం చెప్పిన పని చేసింది.

బ్యాకప్ ఉంది కదా అని ధైర్యంగా వెతికాం. రోజూ రాత్రి 2 గంటలకు కాపీ తీసుకోమని క్రాన్‌కు చెప్పి పెట్టాం. కానీ రాత్రి 11 గంటలకు వాచ్‌మన్ ఆ గది మెయిన్ స్విచ్ కట్టేస్తాడు. అంటే ఆ కాపీ ఒక్క రాత్రి కూడా జరగలేదు. మొదట్లో చేత్తో తీసిన ఒక పాత కాపీ మాత్రమే మిగిలింది. అందులో ఆ 38 మంది కాగితాలు లేవు. పైగా అదీ అదే డిస్కు మీద ఉంది. డిస్కు పోయి ఉంటే అదీ పోయేది.

తర్వాత జరిగింది మీకు తెలుసు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ఊళ్ళకు తమ్ముళ్ళు ఒరిజినల్ పత్రాల కోసం బస్సెక్కారు. ఒక తమ్ముడి ఆదాయ పత్రం ఇంట్లో కూడా దొరకలేదు. వాళ్ళ నాన్న రెండు రోజులు కూలి మానుకొని మీసేవ చుట్టూ తిరిగాడు. గడువు చివరి రోజు సాయంత్రం దరఖాస్తు పోయింది. పోకపోతే ఆ ఏడాది ఫీజు ఎవరు కట్టేవారు? మేము తొమ్మిది మందిమి కలిసి కూడా కట్టలేం.

దీనికంటే బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. ఆ కమాండు ఎవరు కొట్టారో ఈ రోజుకూ తేలలేదు. హిస్టరీలో కమాండు ఉంది, కొట్టిన మనిషి పేరు లేదు. అందరం ఒకే పేరుతో లోపలికి వెళ్ళేవాళ్ళం కాబట్టి యంత్రానికి మేమందరం ఒక్కటే. పేరు తెలియనప్పుడు ఏమైంది? మాలో అందరికంటే చిన్నవాడు, ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడు, ఆ రోజు ఆఖరున ఆ కుర్చీలో కూర్చున్నాడని అందరి చూపూ అతని మీద పడింది. 'నేను కాదన్నా' అని అతను రెండు మూడు సార్లు చెప్పాడు. మాలో కొందరు నమ్మలేదు. అతను గదికి రావడం మానేశాడు. నెల రోజులు మెస్సులో మాకు దూరంగా కూర్చుని తిన్నాడు.

తమ్ముడూ, నువ్వు చేశావనడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందరి ముందూ అన్నాం కాబట్టి అందరూ చదివే ఈ సంచికలోనే క్షమాపణ అడుగుతున్నాం.

మిత్రులారా, మా అభిప్రాయం ఇక్కడి నుంచి పుట్టింది. లెక్క రాయని చోట నింద ఎప్పుడూ చిన్నవాడి మీదే పడుతుంది. ఇది మనకు కొత్త సంగతి కాదు. మన తాత ముత్తాతల కాలం నుంచీ ఏదన్నా పోతే మొదట ఎవరి గుడిసెలు వెతికారో మన ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అటువంటి ఇళ్ళ నుంచి వచ్చిన మనం, మన చేతికి ఒక చిన్న అధికారం రాగానే అదే పని చేశాం.

ఈ సంఘటన తర్వాత రెండు సలహాలు వచ్చాయి. కొందరు సీనియర్లు 'ఈ గొడవంతా వద్దు, గదికి తాళం వేయండి, కాగితాలు ఫోన్‌లో పెట్టుకుంటే సరిపోతుంది' అన్నారు. మరికొందరు 'తెలివైనవాడు ఒక్కడి చేతిలో పెట్టండి, మిగతావాళ్ళు ముట్టుకోవద్దు' అన్నారు. రెండూ మంచి మనసుతో చెప్పినవే. అయినా రెంటినీ మేము ఒప్పుకోవడం లేదు.

తాళం వేస్తే ఏమవుతుంది? ఫోన్ ఉన్నవాడు తన కాగితాలు తాను చూసుకుంటాడు. లేనివాడు మళ్ళీ నెట్ సెంటర్ ముందు నిలబడతాడు. అంతకంటే ముఖ్యంగా, నేర్చుకునే ఒక్క చోటూ పోతుంది. మేము చదివే కాలేజీల్లో ల్యాబు ఉంటుంది, కానీ సర్వర్ గది తలుపు మా కోసం తెరవరు. ముట్టుకుంటే చెడిపోతుందంటారు. చెడగొట్టి బాగుచేయకుండా ఈ విద్య ఎవరికి వచ్చింది? మన పూర్వ విద్యార్థుల్లో ఎంతోమంది ఆఫీసుల్లో డేటా ఎంట్రీ ఆపరేటర్లుగా ఉన్నారు. రోజంతా టైపు చేసేది వాళ్ళు. సర్వర్ ఆగిపోతే చేతులు కట్టుకొని కూర్చునేది కూడా వాళ్ళే. హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి పది నిమిషాల్లో బాగుచేసి పోతాడు. టైపు చేయడం తక్కువ పని అని మేము అనడం లేదు. అది మాత్రమే మన వంతు అని ఎవరు రాశారు అని అడుగుతున్నాం. 1959లో పునాది రాయి పడిన ఇంజినీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్ఐటీ, మన ఊళ్ళోనే ఉంది. మన హాస్టల్ నుంచి అక్కడికి ఆటోలో పోవచ్చు. కానీ ఆ దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదని మనకు తెలుసు.

ఇక ఒక్కడి చేతిలో పెట్టడం. ఆ ఒక్కడు ఎంత మంచివాడైనా పరీక్షలకు పోతాడు, జ్వరం వస్తుంది, చదువు అయిపోయి వెళ్ళిపోతాడు. అతనితోపాటు పాస్‌వర్డూ వెళ్ళిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. రూట్‌గా ఉన్నవాడు అందరి ఫైళ్ళూ చదవగలడు. మన సర్వర్‌లో ఉన్నవి సినిమా పాటలు కావు. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, తండ్రి లేడని రాసిన పత్రాలు. మాలోనే ఒకరు ఒకసారి పని లేకపోయినా మరొకరి ఫోల్డర్ తెరిచి చూసిన మాట నిజం. చూడగలగడం వేరు, చూడవచ్చు అనుకోవడం వేరు. ఆ తేడా ఒక్కడి మంచితనం మీద ఆధారపడకూడదు.

బయటి ప్రపంచంలోనూ ఇలాగే జరిగింది. చిన్న సంస్థలు ఎన్నో సెంటోస్ అనే ఉచిత లినక్స్‌ను నమ్ముకున్నాయి. దాని ఎనిమిదో వెర్షన్‌కు 2029 దాకా మద్దతు ఉంటుందని మొదట చెప్పారు. 2020 డిసెంబరులో ఆ మాట మార్చి, 2021 చివరికే ఆపేశారు. అంతా ఉచితమే, కానీ నిర్ణయం మాత్రం ఒకే చోట ఉంది. ఉచితంగా రావడం ఒక్కటే చాలదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మరి ఏం చేయాలి? దీనికి జవాబు మనం అమెరికా నుంచి తెచ్చుకోనక్కర్లేదు. మన మెస్ కమిటీయే ఉంది. స్టోర్ రూం తాళం ఒక్కరి దగ్గరే ఉండిపోదు. బియ్యం తూకం వేసేటప్పుడు ఇద్దరు విద్యార్థులు నిలబడతారు. పుస్తకంలో సంతకం పెడతారు. నెలకొకసారి కమిటీ మారుతుంది. సంతకం పెట్టించుకున్నందుకు వంట మనిషిని అవమానించినట్టు ఎవరూ అనుకోరు. ఆ పుస్తకమే రేపు ఆయనను కాపాడుతుంది. సర్వర్‌కూ ఇదే పద్ధతి కావాలి.

మేము ఇప్పటికే మొదలుపెట్టింది ఇది. గోడ మీది పాస్‌వర్డు చెరిపేశాం. ఎవరి పేరుతో వారే లోపలికి వెళ్తున్నాం. రూట్‌తో నేరుగా లాగిన్ కావడం ఆపేశాం. పెద్ద పని చేయాలంటే సుడో అనే కమాండు ద్వారా చేయాలి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో అది రాసి పెడుతుంది. బ్యాకప్‌ను రాత్రి 2 గంటల నుంచి స్టడీ అవర్ వేళకు, సాయంత్రం 7 గంటలకు మార్చాం. ఆర్‌సింక్‌తో ఇంకో డిస్కు మీదికి కాపీ అవుతోంది. వారానికొక కాపీ విడిగా తీసి, పాస్‌వర్డు లేకుండా తెరుచుకోకుండా చేసి, వార్డెన్ సార్ బీరువాలో పెడుతున్నాం. నెల మొదటి ఆదివారం అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూస్తున్నాం. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదని మాకు అనుభవమైంది.

ఇక మిగిలింది హాస్టల్ జనరల్ బాడీ తీర్మానించాల్సినవి. మొదటిది, సర్వర్ బాధ్యత ఇద్దరికి ఇవ్వాలి, వాళ్ళు వేర్వేరు సంవత్సరాల వాళ్ళై ఉండాలి, ఆరు నెలలకొకసారి ఒకరు మారాలి. రెండోది, రూట్ పాస్‌వర్డును సీలు వేసిన కవర్లో వార్డెన్ సార్ దగ్గర ఉంచాలి, కవరు విప్పితే పుస్తకంలో కారణం రాయాలి. మూడోది, నేర్చుకున్నది తెలుగులో నోట్సుగా రాయాలి. యంత్రం చెప్పే తప్పులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, నిజమే. మేమూ డిక్షనరీ పట్టుకొనే చదివాం. కమాండు ఇంగ్లీషులోనే ఉండనివ్వండి, అది ఎందుకు కొడుతున్నామో తెలుగులో రాసుకుంటే తర్వాత వచ్చే తమ్ముడికి మా వారం రోజులు ఒక గంటలో అందుతాయి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుంచే తెలుగు అందులో ఉంది. బమ్మెర పోతన పేరుతో పోతన 2000 అనే ఫాంటు కూడా ఉంది. అక్షరాలకు కొరత లేదు, రాసేవాళ్ళకే కొరత.

'ఇప్పుడంతా క్లౌడ్ కదా, ఈ పాత డబ్బా నేర్చుకొని ఏం లాభం?' అని ఇంజినీరింగ్ చదివే మిత్రులు అడుగుతున్నారు. క్లౌడ్ అంటే ఇంకెక్కడో ఉన్న కంప్యూటరే. వాటిలో చాలా భాగం నడిచేది లినక్స్ మీదే. యూజర్లు, హక్కులు, లాగులు, బ్యాకప్ అక్కడా ఇవే. అయితే దీన్ని నేర్చుకుంటే రేపే ఉద్యోగం వస్తుందని మేము చెప్పం. అలా చెప్పి మిమ్మల్ని ఈ గదికి రప్పిస్తే అది మోసం. ఒక యంత్రం ముందు భయం లేకుండా కూర్చోవడం, పదిమంది కాగితాలకు జవాబుదారీగా ఉండడం, తప్పు చేస్తే ఒప్పుకునే వీలుండేలా పని చేయడం మాత్రం ఇక్కడ వస్తాయి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీరిచ్చిన కంప్యూటర్లకు కృతజ్ఞతలు. ఇకమీదట పాత మానిటర్లు వద్దు. ఒక యూపీఎస్ బ్యాటరీ, ఒక కొత్త హార్డ్ డిస్కు ఇవ్వండి. వాటికంటే ముందు ఏడాదికి రెండు ఆదివారాలు ఇవ్వండి. మీ ఆఫీసులో ఏం చెడిపోయింది, ఎలా బాగుచేశారు, ఎవరికి తెలిసింది, ఎవరిని ముట్టుకోనివ్వలేదు, అదంతా వచ్చి తమ్ముళ్ళకు చెప్పండి.

చివరగా ఒక మాట. క్షమాపణ సంగతి ఈ వ్యాసం రాయడానికి ముందే ఆ ఇంటర్ తమ్ముడితో ముఖాముఖి మాట్లాడాం. అతను వెంటనే ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత స్టడీ అవర్లో గదికి వచ్చి, 'నా పేరుతో అకౌంట్ చేయండన్నా' అన్నాడు. చేశాం. వచ్చే ఆరు నెలల బాధ్యతకు ఇద్దరిలో ఒకరిగా అతని పేరునే జనరల్ బాడీకి ప్రతిపాదిస్తున్నాం. మీరందరూ బలపరచాలని కోరుతున్నాం.

- కంప్యూటర్ గది విద్యార్థి బృందం,
సాంఘిక సంక్షేమ వసతి గృహం, వరంగల్